ఆరంగుళాల వైరు ముక్క

(పాఠశాల స్వర్ణోత్సవాల్లో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను ‘సాంకేతిక రంగంలో రేపటి అవకాశాలు’ అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకుని కూడా వచ్చాను. కాని పొద్దున ఈ స్టేజీ వెనక ఒక సంగతి చూశాక ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టేశాను. కార్యదర్శి గారు క్షమించాలి.

మా బ్యాచ్ వాడు ఒకడున్నాడు. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేశాడు. ముప్పై అయిదేళ్ళకు పైగా ఈ కూకట్‌పల్లిలోనే ఇళ్ళకు వైరింగ్ చేస్తున్నాడు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతానన్నాడు కాబట్టి చెప్పను. మూడో వరసలో కూర్చున్నాడు. అందరూ ఒక్కసారి వెనక్కి తిరగకండి, సిగ్గుపడతాడు. వాడు ఎక్కడికి వెళ్ళినా ముందు స్విచ్ బోర్డులు చూస్తాడు. పెళ్ళికి పిలిచినా అంతే. పొద్దున ఎనిమిదింటికి వచ్చి తిన్నగా స్టేజీ వెనక్కి వెళ్ళాడు. మైకు సెట్టు వైరుకి ప్లగ్గు లేదు. వైర్ల కొసలు ఒలిచి, సాకెట్టు రంధ్రాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు బిగించారు. అటు పక్కనే పిల్లలు చేతులు కడుక్కుంటున్నారు.

మైకు కుర్రాడిని అడిగాడు, “ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ రా ఈ పని?”

“నాలుగేండ్లన్నా.”

“ఏం కాలే?”

“ఏం కాలే. నడుస్తుంది కదా అన్నా.”

వాడు ఇంకేమీ అనకుండా బండి తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళి, ఒక మూడు పిన్నుల ప్లగ్గు కొనుక్కొచ్చి, బిగించి, చేతులు తుడుచుకుని వచ్చి ఉప్మా తిన్నాడు. ఇప్పుడు నేను మాట్లాడుతున్నది ఆ ప్లగ్గులోంచి వస్తున్న కరెంటుతోనే.

‘నడుస్తుంది కదా’ అన్న ఆ మాట మీదే నాకు మాట్లాడాలనిపించింది. మన ఇళ్ళల్లో కరెంటు పనికి అదే సర్టిఫికెట్టు. స్విచ్ వేశాం, బల్బు వెలిగింది, పని అయిపోయింది. కాని బల్బు వెలగడానికి రెండు వైర్లు చాలు. ఆ రెండూ ఎంత సన్నగా ఉన్నా, జాయింటు ఎంత వదులుగా ఉన్నా, చుట్టూ ప్లాస్టిక్ ఉన్నా ఊడినా, ఎర్తు ఉన్నా లేకపోయినా, బల్బుకి పట్టదు. అది వెలుగుతుంది.

మనం చదువుకునే రోజుల్లో కూకట్‌పల్లి ఎలా ఉండేదో ఇక్కడ సగం మందికి గుర్తుంది. ఒకవైపు పాత ఊరు, చెరువు. ఇంకోవైపు హౌసింగ్ బోర్డు వాళ్ళు కట్టిన ఎల్‌ఐజీ, ఎంఐజీ ఇళ్ళు. మా నాన్న బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. మాది రెండు గదుల ఇల్లు. రెండు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో, తరవాత ఒక నలుపు తెలుపు టీవీ. అన్నీ కలిపి వేసినా ఒకటి ఒకటిన్నర ఆంపియర్ దాటేది కాదు. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు పోతే నాన్న పాత వైరులోంచి ఒక పోగు లాగి కట్టేవారు. మళ్ళీ పోతే రెండు పోగులు. ఆయనకు ఆ విద్య ఎవరు నేర్పారో తెలియదు గాని, వీధి వీధంతా అదే చేసేది. ఆ లోడుకి అది చెల్లిపోయింది.

1998లో సైబర్ టవర్స్ వచ్చింది. ఆ తరవాత జరిగింది మీ అందరికీ తెలుసు. అదే స్థలంలో అదే ఇంటి మీద ఒక అంతస్తు, దాని మీద ఇంకొకటి, పైన రేకుల గది. ముందు అద్దెకు, తరవాత హాస్టళ్ళకు. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక హాస్టల్ బోర్డు లేని వీధి కనబడటం లేదు. ఏసీలు, గీజర్లు, వాషింగ్ మెషిన్లు, ఇండక్షన్ స్టవ్వులు వచ్చాయి. గోడల్లో ఉన్న వైరు మాత్రం చాలా ఇళ్ళల్లో పాతదే. కొన్నిచోట్ల ఇంకా అల్యూమినియం వైరే. దాని కొసకు కొత్త రాగి వైరు మెలిపెట్టి టేపు చుడతారు. అల్యూమినియం మీద గాలి తగిలితే చాలు, కరెంటు సరిగ్గా పారనివ్వని ఒక పొర పడుతుంది. వేడికి సాగి, చల్లబడి, రోజులు గడిచేకొద్దీ మెలిక వదులవుతుంది.

వదులైతే ఏమవుతుంది? మన సైన్సు మాస్టారు బోర్డు మీద రాసిన లెక్కే. వేడి అంటే కరెంటు వర్గం ఇంటూ నిరోధం. మూడు కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. జాయింటులో ఓమ్‌లో పదోవంతు నిరోధం ఉందనుకోండి, దాదాపు 17 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ వాట్లకు దగ్గర్లో ఉంది. అంత వేడి, వేలెడంత జాగాలో, ప్లాస్టిక్ టేపు లోపల, ఫాల్స్ సీలింగు చెక్క పక్కన. ఇంకో ముఖ్యమైన సంగతి, దీనికి ఎంసీబీ పడిపోదు. ఎందుకంటే కరెంటు పెరగలేదు, 13 ఆంపియర్లే. ఎంసీబీ లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. మర్నాడు పేపర్లో ‘షార్ట్ సర్క్యూట్’ అని వస్తుంది. ఆ ఒక్క మాట కింద వదులు జాయింట్లు, సన్నవైర్లు, అతికించిన ఫ్యూజులు అన్నీ పూడ్చిపెట్టేస్తున్నాం. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో 17 మంది పోయారు. అప్పుడూ మొదట వినిపించింది ఆ మాటే.

ఇక షాపు సంగతి. మా వాడికి అన్నిటికంటే కోపం తెప్పించేది హార్డ్‌వేర్ షాపు కౌంటరు. నేను కొన్ని ఆదివారాలు వాడి వెంట తిరిగాను. షాపులో ఓ పక్కన నిలబడి వింటే మీకూ అర్థమవుతుంది. ఒకాయన వచ్చి, “గీజరుకి వైరు కావాలి” అంటాడు. ఎన్ని కిలోవాట్లదో, మెయిన్ బోర్డు నుంచి ఎంత దూరమో, ఎవరూ అడగరు. “ఒకటిన్నర చాలు సార్, అందరూ అదే తీసుకెళ్తున్నారు.” ఇంకొకాయన, “ఎంసీబీ ఊరికే పడిపోతోంది” అంటాడు. “పదహారు తీసేసి ముప్పై రెండు వెయ్యండి, పడదు.” నిజమే, పడదు. గోడలో పైపులో వేసిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు సుమారు 14, 15 ఆంపియర్ల దాకా మొయ్యగలదు. దానికి ముప్పై రెండు పెడితే 28 ఆంపియర్లు పారుతున్నా ఎంసీబీ కదలదు. రెట్టింపు కరెంటు, నాలుగు రెట్ల వేడి. పాత కిట్‌క్యాట్‌లో మా నాన్న కట్టిన రెండో పోగే ఇది, కాకపోతే ఇప్పుడు కొత్త పెట్టెలో అమ్ముతున్నారు.

షాపాయనను నేను దొంగ అనను. చాలామంది మంచివాళ్ళు, మన వీధి వాళ్ళే, మనతో చదివిన వాళ్ళూ ఉన్నారు, ఇక్కడ కూర్చున్న వాళ్ళూ ఉండొచ్చు. ఆయన పని అమ్మడం. అడిగినవాడికి సమాధానం చెప్పకపోతే పక్క షాపుకి పోతాడు. అందుకని ఏదో ఒకటి చెబుతాడు. ఆయన మన ఇంటికి రాడు, మన బోర్డు విప్పడు. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా మందుల షాపులో జ్వరానికి బిళ్ళ అడిగినట్టే ఇదీనూ.

గేజీల గందరగోళం ఒకటుంది. మన దగ్గర ఇప్పటికీ కౌంటర్ల మీద ‘త్రీ ట్వంటీటూ’, ‘సెవెన్ ట్వంటీ’ అనే అంటారు. ఏడు పోగులు, ఒక్కో పోగు 20 గేజీ అని అర్థం. లెక్క కడితే సెవెన్ ట్వంటీ 4.6 చదరపు మిల్లీమీటర్లు అవుతుంది. ఇవాళ దొరికే వైర్లు నాలుగు, ఆరు. ఒక షాపులో సెవెన్ ట్వంటీ అంటే నాలుగు ఇస్తారు, ఇంకో షాపులో ఆరు ఇస్తారు. త్రీ ట్వంటీటూ అయితే 1.2 దగ్గర ఉంటుంది. దానికి బదులు ఒకటి ఇచ్చేవాళ్ళున్నారు, ఒకటిన్నర ఇచ్చేవాళ్ళున్నారు. కొనేవాడు చదరపు మిల్లీమీటర్లలోనే అడగాలి.

నకిలీ వైరు పట్టుకోవడానికి మా వాడు చెప్పిన చిట్కా నాకు నచ్చింది, నేను లెక్క కట్టి చూశాను. తొంభై మీటర్ల ఒకటిన్నర కాయిల్‌లో రాగి ఒక్కటే కిలో పైమాట ఉండాలి. పైన ప్లాస్టిక్ తొడుగు బరువు వేరే. కాయిల్ మొత్తం తూకం వేస్తే కిలో దగ్గరే ఆగిందంటే, అందులో రాగి ఎగ్గొట్టారన్నమాట. కూరగాయల తక్కెడ చాలు దీనికి. ఇంజనీరింగ్ కాలేజీలో నాకు ఎవరూ చెప్పలేదు ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని. పెద్ద పెద్ద భవనాలకు, డేటా సెంటర్లకు కరెంటు వ్యవస్థలు డిజైన్ చేసే పని. 2004లో అమ్మకు వాషింగ్ మెషిన్ కొన్నాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు సాకెట్లో మీటరు పెట్టి, “సార్, మూడో పిన్నులో ఎర్తు లేదు, ఎర్తు చూపించకపోతే వారంటీ రాదు” అన్నాడు. కుర్రాడు సరిగ్గానే చెప్పాడు. మా ఇంటికి ఒకప్పుడు ఎర్త్ గుంత ఉండేది. ముందు వసారా కట్టినప్పుడు దాని మీద నాపరాళ్ళు పరిచేశారు. నేను షాపుకి వెళ్ళాను. షాపాయన నా మాట పూర్తిగా వినకుండానే చిరునవ్వు నవ్వి, కింద నుంచి ఆరంగుళాల వైరు ముక్క తీసి ఇచ్చాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. “న్యూట్రల్ నుంచి మూడో పిన్నుకి లూపు కొట్టెయ్యండి సార్. మీటరులో ఎర్తు చూపిస్తుంది.”

అది తప్పని నాకు తెలుసు. తెలిసీ, వచ్చే ఆదివారం ఎర్త్ గుంత తవ్విస్తాను, అప్పటిదాకా ఉంటుందిలే అనుకుని, నా చేతులతోనే ఆ ముక్క బిగించాను. కుర్రాడు మీటరు పెట్టాడు, ఎర్తు చూపించింది, వారంటీ కార్డు మీద సంతకం పెట్టి వెళ్ళాడు. మెషిన్ బ్రహ్మాండంగా తిరిగింది. ఆ ఆదివారం నాలుగేళ్ళ దాకా రాలేదు.

ఎందుకు తప్పో ఇంజనీర్లు కానివాళ్ళకు ఒక్క నిమిషం చెబుతాను. మూడో పిన్ను మెషిన్ ఇనప ఒంటికి కలిసి ఉంటుంది. ఒంటికి కరెంటు తగిలితే భూమిలోకి పోయే దారి అది. ప్లగ్గులో ఆ పిన్ను లావుగా, పొడుగ్గా ఉండేది కూడా అందుకే, లోపలికి పోయేటప్పుడు అదే ముందు తగలాలి, వచ్చేటప్పుడు అదే చివర వదలాలి. దాన్ని న్యూట్రల్‌కి కలిపితే, న్యూట్రల్ బాగున్నంతకాలం ఏ తేడా కనబడదు. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిందనుకోండి. ఇంట్లో ఫేజు వస్తూనే ఉంటుంది. ఆన్‌లో ఉన్న ఫ్యాన్లలోంచి, ఫ్రిజ్‌లోంచి దూరి న్యూట్రల్ వైరులోకి వస్తుంది. అక్కడి నుంచి పోవడానికి దారి లేదు. ఇల్లంతా న్యూట్రల్ వైరు ఫేజు అయి కూర్చుంటుంది. ఆ ఆరంగుళాల ముక్క ద్వారా వాషింగ్ మెషిన్ ఒళ్ళు కూడా. ఫ్యాన్లు తిరగవు, లైట్లు వెలగవు. ఇంట్లోవాళ్ళు కరెంటు పోయిందనుకుంటారు.

2008 జూన్‌లో ఒక సాయంత్రం ఈదురుగాలి వీచింది. మా సర్వీసు వైరు న్యూట్రల్ జాయింటు ఊడింది. ఫ్యాను ఆగింది. అమ్మ కరెంటు పోయిందనుకుని, ఎలాగూ పోయింది కదా, లోపలున్న తడిబట్టలు తీసి ఆరేద్దామని మెషిన్ మూత మీద చెయ్యి వేసింది. విసిరికొట్టినట్టు వెనక్కి పడింది. కాళ్ళకు రబ్బరు చెప్పులుండటం, పట్టుకోకుండా పైపైన తాకడం, ఈ రెండే ఆమెను కాపాడాయి. మణికట్టు ఎముక విరిగింది. నేనప్పుడు మాదాపూర్‌లో, రెండు వైపుల నుంచి కరెంటు వచ్చే ఒక భవనంలో ఒక్క క్షణం కూడా సరఫరా ఆగకుండా ఎలా చూడాలన్న మీటింగులో ఉన్నాను.

నాకంటే ముందు ఇంటికి చేరింది మా వాడు. అమ్మను ఆటోలో ఆసుపత్రికి పంపి, టెస్టరు తీసి సాకెట్లో పెట్టాడు. రెండు రంధ్రాల్లోనూ వెలిగింది. వాడికి అక్కడే అర్థమైంది. బోర్డు విప్పాడు. నేను వెళ్ళేసరికి ఆ వైరు ముక్క చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

“ఎవడు చేసిండు రా ఇది?”

నేను, “షాపువాడు చెప్పాడట” అన్నాను. చెప్పాడట! ఎవరికో చెప్పినట్టు. వాడు ఆ ‘ఎవడో’ మేస్త్రీని నానా తిట్లూ తిట్టాడు. నేను పక్కన నిలబడి విన్నాను. వింటూ తల కూడా ఊపాను. అమ్మ అయిదేళ్ళ కిందట వేరే జబ్బుతో పోయింది. ఆమెకు కూడా చెప్పలేదు.

ఒరేయ్, ఆ ముక్క బిగించింది నేనేరా. ఇంకెవరూ కాదు.

(కొద్దిసేపు ఆగాను. మూడో వరసలోంచి, “నాకు అప్పుడే తెలుసు, సాగించు” అని వినిపించింది. సభలో నవ్వులు.)

సరే. వాడికి తెలుసట. పదిహేడేళ్ళు నన్ను మొయ్యనిచ్చాడన్నమాట.

ఆ మర్నాడు ఎర్త్ గుంత తవ్వించాం. రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపాలి. మన కూకట్‌పల్లిలో రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. రెండు చోట్ల తవ్వి, మూడో చోట దిగింది. బొగ్గు, ఉప్పు, ఎండాకాలంలో నీళ్ళు. అయితే ఇక్కడ ఒక మాట. ఎర్త్ గుంత ఒక్కటే ఉంటే సరిపోతుందనుకునేవాళ్ళు ఇంజనీర్లలోనే ఉన్నారు. మన బండనేలలో ఎర్తు నిరోధం 20 ఓమ్‌లు అనుకోండి. మెషిన్ ఒంటికి ఫేజు తగిలితే 230 ని 20 తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు పారుతుంది. పదహారు ఎంసీబీ దానికి పడదు. ఒంట్లో కరెంటు అలాగే ఉంటుంది. ఎంసీబీ వైరును కాపాడేది, మనిషిని కాదు. మనిషిని చంపడానికి ఆంపియర్‌లో పదోవంతు చాలు.

దానికి వేరే పరికరం ఉంది, ఆర్‌సీసీబీ. ఫేజులో ఎంత వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోపల కట్టేస్తుంది. అమెరికా నుంచి వచ్చిన మన మిత్రులకు ఇది తెలుసు, మీ బాత్రూముల్లో రెండు బటన్లతో ఉండే సాకెట్టు దీని తమ్ముడే. అక్కడ 120 వోల్టులే అయినా 5 మిల్లీ ఆంపియర్లకే తెగిపోతుంది. 1975 నుంచి అక్కడ బాత్రూముల్లో అది తప్పనిసరి, అంటే మన బడి పుట్టిన రోజుల నుంచి. ఇక్కడ ఇవాళ కొత్త ఫ్లాట్లలో పెడుతున్నారు. పెట్టిన మూడు నెలలకు అది ఊరికే పడిపోతుంటే ఇంటాయన షాపుకి వెళ్తాడు. షాపాయన, “అది సెన్సిటివ్ సార్, తీసేసి మామూలు ఐసోలేటర్ వెయ్యండి” అంటాడు. వేస్తారు. పడదు. అందరికీ సంతోషం.

అది ఊరికే పడదు. పైపోర్షన్ లైటు న్యూట్రల్ కిందిపోర్షన్ నుంచి అరువు తెచ్చుకుంటే పడుతుంది. చాలా ఇళ్ళల్లో అదే. అంతస్తు మీద అంతస్తు కట్టినప్పుడు, దగ్గర్లో ఏ న్యూట్రల్ కనబడితే దానికి కలిపేస్తారు. మా వాడి ఎడమచేతి చూపుడువేలు మీద ఒక మచ్చ ఉంది. నిజాంపేట రోడ్డు వైపు ఒక ఇంట్లో పై అంతస్తు మెయిన్ ఆపేసి, టెస్టరుతో చూసుకుని, న్యూట్రల్ వైరు విప్పాడు. ఆ వైరులోంచి కింది అంతస్తు వాళ్ళ కరెంటు తిరిగి వెళ్తోందని వాడికెలా తెలుస్తుంది? విప్పిన క్షణాన ఆ కొస ఫేజు అయింది. నిచ్చెన మీద నుంచి పడ్డాడు. ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, “జాగ్రత్తగా చేసుకోవాలి కదయ్యా” అందట.

ఈ పని ఎవరు చెయ్యాలన్నదానికి చట్టం లేక కాదు. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే ఉంది, ఇప్పుడున్న కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనూ ఉంది. లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న వైర్‌మన్, పైన చూడటానికి సూపర్‌వైజరు. మా వాడి దగ్గర ఆ పర్మిట్ కార్డు ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాడు. ఇన్నేళ్ళలో ఆ కార్డు చూపించమని అడిగిన ఇంటివాళ్ళు ముగ్గురే ముగ్గురట. మిగతావాళ్ళు అడిగేది ఒకటే, “పాయింటుకి ఎంత తీసుకుంటావ్?” వాడు ఆర్‌సీసీబీ, ఎర్త్ గుంత, గీజరుకి విడిగా నాలుగు వైరు అంటాడు. షాపులో ఇవేవీ అక్కర్లేదన్నారని ఇంకొకడిని పెట్టుకుంటారు. ఇంకొకడు పొద్దున పెయింటు పని, మధ్యాహ్నం ప్లంబింగు, సాయంత్రం కరెంటు. రెండేళ్ళకు కాలిన బోర్డు చూడటానికి మళ్ళీ మా వాడికే ఫోను. అప్పుడు బేరం ఆడరు.

హాస్టళ్ళ గురించి చెప్పి ముగిస్తాను. నేను పనిచేసే భవనాల్లో ప్రతి జాయింటునూ థర్మల్ కెమెరాతో ఫొటో తీస్తాం. పక్కదానికంటే పది డిగ్రీలు ఎక్కువ కనబడితే రిపోర్టు రాయాలి. ఆ భవనంలో రాత్రి షిఫ్టు చేసే పిల్లలు తెల్లారి మన కాలనీలకే వస్తారు. మొన్న మార్చిలో మా వాడితో ఒక అమ్మాయిల హాస్టలుకి వెళ్ళాను. మూడో అంతస్తులో ఒక గదిలో నలుగురు. గోడకి ఒక్కటే 6 ఆంపియర్ల సాకెట్టు. దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి ఇంకో బాక్సు, దానికి బకెట్లో వేసే వాటర్ హీటరు రాడ్డు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు. రాడ్డు ఒకటిన్నర కిలోవాట్లు, అదొక్కటే ఆరున్నర ఆంపియర్లు. బాక్సు ప్లగ్గు పసుపు రంగుకి తిరిగింది. ముట్టుకుంటే కాలింది. ఇనప మంచం కోడు ఆ వైరు మీద ఉంది. ఒక అమ్మాయి, “రాడ్డు ఆన్‌లో ఉన్నప్పుడు మంచం పట్టుకుంటే జివ్వుమంటుంది అంకుల్, అందుకని మేం చెప్పులేసుకుంటాం” అంది. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. వాళ్ళ అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియదు.

ఓనరు మన బడిలో చదివినవాడే. చెడ్డవాడు కాదు. “రాడ్డులు వాడొద్దని బోర్డు పెట్టాను కదన్నా” అన్నాడు. బోర్డు నిజంగానే ఉంది. గీజరు మాత్రం నలభై మందికి ఒక్కటే. మా వాడు ఆ రోజు డబ్బులు మాట్లాడకుండానే మంచం జరిపించి, తొడుగు ఊడిన వైరు తీసేసి, అంతస్తుకొక ఆర్‌సీసీబీ, గదికొక 16 ఆంపియర్ల లైను కావాలని కాగితం మీద రాసిచ్చాడు. ఓనరు నెల ఆగమన్నాడు. వాడు ఒప్పుకోలేదు. ఆయన ముందే నాకు చెప్పాడు, “నువ్వు ఇంజనీర్‌వు కదా, లెటర్‌హెడ్డు మీద రాసియ్యి.” రాసిచ్చాను. నా పేరు, తేదీ, చూసినవన్నీ, ఏ గదిలో ఏముందో. రెండు కాపీలు, ఒకదాని మీద ఆయన సంతకం. వారంలో పని మొదలైంది. షాపు మాట మీద నడిచే పని కాగితం చూస్తే ఎందుకు మారిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచే మాకు ఈ ఆలోచన వచ్చింది. సంఘం పెద్దలతో నిన్న మాట్లాడాం, ఒప్పుకున్నారు. నెలలో రెండో ఆదివారం మేమిద్దరం, మన ఎలక్ట్రికల్ బ్యాచీల వాళ్ళు ఇంకో నలుగురు, ఇళ్ళు చూడటానికి వెళ్తాం. మొదట మన బడి, సైన్సు ల్యాబు బోర్డుతో సహా. తరవాత మన గురువుల ఇళ్ళు. వాళ్ళలో చాలామంది ఇప్పటికీ ఆ పాత ఇళ్ళల్లోనే ఉన్నారు, పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. ఆ తరవాత హాస్టళ్ళు నడిపే పూర్వ విద్యార్థులు ఎవరు పిలిస్తే వాళ్ళవి. చూసి, సాకెట్టు సాకెట్టుకీ మీటరు పెట్టి, ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కి, కాగితం రాసి ఇస్తాం. పని మీకు నచ్చిన వైర్‌మన్‌తో చేయించుకోండి, పర్మిట్ కార్డు మాత్రం చూడండి. చూసినందుకు డబ్బులు లేవు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు ఇక్కడి అమ్మానాన్నల ఇంటి చిరునామా సంఘం పుస్తకంలో రాసి వెళ్ళండి.

మొదటి ఆదివారం ఉదయం ఏడింటికి బడి గేటు దగ్గర కలుస్తున్నాం. మాతో రావాలనుకునే కుర్రాళ్ళు రబ్బరు చెప్పులో, బూట్లో వేసుకు రండి. చేతికి ఉంగరాలు, గడియారాలు వద్దు. టిఫిను ఖర్చు నాది. మా వాడికి నేను పదిహేడేళ్ళుగా బాకీ ఉన్నాను.